మొండి కొవ్వు: ఒక శాస్త్రీయ ప్రశ్న చారిత్రక పరిణామం (1935–2008)

వ్యాససంగ్రహం:
శరీరంలోని కొవ్వు అన్ని చోట్లా ఒకే వేగంతో తగ్గదు. ఆహారం తగ్గించినా, వ్యాయామం చేసినా కొన్ని భాగాల్లోని కొవ్వు, ముఖ్యంగా స్త్రీలలో తొడలు, పిరుదుల వద్దనున్నది, చివరివరకూ నిలిచి ఉంటుంది. ఈ తేడాను ఇరవయ్యో శతాబ్దపు శరీరశాస్త్రం ఏ క్రమంలో గుర్తించి వివరించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 'ఎందుకు తగ్గదు?' అన్న ప్రశ్న, 'ఏది హానికరం?' అన్న ప్రశ్న వేర్వేరు దారుల్లో మొదలై 1980 దశకంలో కలిశాయనీ, వాటి కలయికవల్ల మొండి కొవ్వును గురించిన అంచనాయే తారుమారైందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కొవ్వు కణజాలం, ఎడ్రినలిన్ గ్రాహకాలు, జాఁ వాగ్, నడుము–తుంటి నిష్పత్తి, అంతరాంగ కొవ్వు, భారతీయ శరీరతత్వం.

1. ప్రవేశిక:
తెలుగులో 'కొవ్వు' అన్న మాటకు రెండర్థాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి శరీరంలో నిలువ ఉండే పదార్థం. రెండోది పొగరు. 'కొవ్వెక్కింది', 'ఒళ్ళు బలిసింది' అన్న నిందల్లో ఈ రెండూ విడదీయరానంతగా కలిసిపోయి కనిపిస్తాయి. లావుగా ఉన్న మనిషిని గురించి నడవడి తీర్పు ఇవ్వడానికి భాష ముందుగానే సిద్ధంగా ఉంది. ఆ తీర్పు ప్రకారం కొవ్వు తగ్గకపోవడం శరీరధర్మం కాదు, మనిషి చేతకానితనం.

'కొవ్వు కరగడం' అన్న మరో వాడుక కూడా గమనించదగినది. నెయ్యి వేడికి కరిగినట్లు ఒంట్లోని కొవ్వు చెమటతో కరిగిపోతుందన్న ఊహ ఇందులో ఉంది. వాస్తవంలో కొవ్వు కణంలోని ట్రైగ్లిజరైడ్ ముందుగా కొవ్వు ఆమ్లాలుగా, గ్లిసరాల్‌గా విడిపోవాలి. ఆ ఆమ్లాలు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను ఆశ్రయించి కండరాలకో, గుండెకో, కాలేయానికో చేరాలి. అక్కడ శక్తికోసం దహనం కావాలి. అంటే విడుదల, రవాణా, వినియోగం అనే మూడు దశలున్నాయి. ఈ మూడింటిలో ఎక్కడ అడ్డు వచ్చినా కొవ్వు ఉన్నచోటనే ఉంటుంది. 'కరగడం' అన్న ఒక్క మాట ఈ మూడు దశలనూ కప్పివేస్తుంది.

కొవ్వు చేరే స్థానాలను గుర్తించడం కొత్త విషయమేమీ కాదు. చరకసంహిత సూత్రస్థానంలోని అష్టౌనిందితీయాధ్యాయం నిందితులైన ఎనిమిది రకాల మనుషులలో అతిస్థూలుని చేర్చింది. పిరుదులు, ఉదరం, స్తనాలు కదలాడేంతగా పెరగడాన్ని అతని లక్షణంగా చెప్పింది. స్థూలత్వం కంటే కృశత్వమే మేలనీ, స్థూలునికి చికిత్స చేయడం మరింత కష్టమనీ కూడా పేర్కొంది. స్థానాలూ, చికిత్సలోని కష్టమూ ప్రాచీనులకు తెలిసినవే. ఒక చోటి కొవ్వు తగ్గి, మరో చోటిది ఎందుకు తగ్గదన్నదానికి కణస్థాయిలో సమాధానం వెదకడం మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనే సాధ్యమైంది.

2. నిలువ సరుకు నుండి సజీవ కణజాలానికి (1935–1956):
ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో కొవ్వు కణజాలాన్ని నిర్జీవమైన గిడ్డంగిగా భావించడమే పరిపాటి. మిగిలిన ఆహారం అందులో చేరుతుంది, కరువు వచ్చినప్పుడు బయటికి వస్తుంది, మిగతా కాలమంతా కదలకుండా ఉంటుంది అన్నది నాటి అవగాహన. ఈ అవగాహన ఉన్నంతకాలం మొండి కొవ్వు అన్న ప్రశ్నకు తావే లేదు. గిడ్డంగిలోని సరుకు ఒక మూలది త్వరగా, మరో మూలది ఆలస్యంగా కదలడానికి కారణమేమీ ఉండదు కదా.

1935లో కొలంబియా విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్ షోన్‌హైమర్, డేవిడ్ రిటెన్‌బర్గ్ డ్యుటీరియం, అంటే భార హైడ్రోజన్, గుర్తుగా చేర్చిన కొవ్వును ఎలుకలకు తినిపించారు. తిన్న కొవ్వులో అధికభాగం వెంటనే ఖర్చు కాకుండా ముందుగా నిలువలలో చేరుతున్నదనీ, నిలువలలోని కొవ్వు నిరంతరం మారుతూ ఉన్నదనీ ఈ గుర్తు ద్వారా తేలింది. బరువు మారని జంతువులో కూడా కొవ్వు వస్తూ పోతూ ఉంటుంది. షోన్‌హైమర్ 1941లో మరణించగా, శరీర ఘటకాల చలనస్థితిని వివరించే ఆయన గ్రంథం 1942లో వెలువడింది.

1948లో జెరూసలేంకు చెందిన వెర్ట్‌హైమర్, షపీరో ప్రచురించిన సమీక్షావ్యాసం కొవ్వు కణజాలాన్ని నాడులూ హార్మోన్లూ నియంత్రించే చురుకైన కణజాలంగా నిలబెట్టింది. 1956లో విన్సెంట్ డోల్ ఒకవైపు, గోర్డన్, చెర్కెస్ మరోవైపు రక్తంలో స్వేచ్ఛగా తిరిగే కొవ్వు ఆమ్లాలను కొలిచి, అవి ఉపవాసంలో పెరుగుతాయనీ, గ్లూకోజ్ లేదా ఇన్సులిన్ ఇచ్చినప్పుడు పడిపోతాయనీ చూపారు. కొవ్వు బయటికి వచ్చే మార్గం దీనితో స్పష్టమైంది. ఆ మార్గానికి తలుపు ఉందనీ, దానిని మూసే హార్మోన్లలో ఇన్సులిన్ ముఖ్యమైనదనీ అర్థమైంది. అయితే ఈ కొలతలన్నీ శరీరం మొత్తానికి సంబంధించినవే. తొడకూ పొట్టకూ తేడా ఏమిటన్నది వీటిలో కనిపించదు.

3. మార్సెయ్ వైద్యుని పరిశీలన (1947–1987):
స్థానాన్ని గురించిన ప్రశ్న ప్రయోగశాలలో కాక రోగుల మంచాల పక్కన మొదలైంది. ఫ్రాన్సులోని మార్సెయ్‌కు చెందిన జాఁ వాగ్ అనే వైద్యుడు 1947లో ఒక ఫ్రెంచి వైద్యపత్రికలో స్థూలకాయంలో రెండు రూపాలను వేరుచేశాడు. కొవ్వు ప్రధానంగా నడుముకు పైభాగంలో చేరేది పురుషరూపం. తొడలు, పిరుదుల వద్ద చేరేది స్త్రీరూపం. ఇవి లింగాన్నిబట్టి వచ్చిన పేర్లే అయినా, స్త్రీలలో పురుషరూపమూ పురుషులలో స్త్రీరూపమూ ఉండవచ్చునని ఆయన గుర్తించాడు. చేతి దగ్గరా తొడ దగ్గరా కొవ్వును, కండరాన్ని పోల్చే కొలతను రూపొందించాడు. మధుమేహం, రక్తనాళాలు గట్టిపడటం, కీళ్ళవాతం వంటి ఉపద్రవాలు పురుషరూపంతోనే ఎక్కువగా ముడిపడి ఉన్నాయని 1956లో ఆంగ్లంలో ప్రచురించిన వ్యాసంలో ప్రతిపాదించాడు.

ఒకే బరువున్న ఇద్దరిలో ఒకరికి ప్రమాదం ఉండి మరొకరికి లేకపోవచ్చునన్నది ఈ వాదన సారాంశం. బరువును ఒకే సంఖ్యగా చూసే అలవాటుకు ఇది ఎదురు నిలిచింది. దాదాపు మూడు దశాబ్దాలపాటు దీనికి తగిన ఆదరణ దక్కలేదు. 1982లో అమెరికాలోని మిల్వాకీలో అహ్మద్ కిస్సెబా బృందం పైభాగపు స్థూలకాయానికీ జీవక్రియా లోపాలకూ సంబంధాన్ని చూపింది. 1984లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుండి పెర్ బ్యోర్న్‌టోర్ప్ సహచరుల రెండు అధ్యయనాలు వెలువడ్డాయి. ఒకటి 1913లో పుట్టిన 792 మంది పురుషులను 13 ఏళ్ళపాటు, మరొకటి 1,462 మంది స్త్రీలను 12 ఏళ్ళపాటు అనుసరించి చేసినవి. రెండింటిలోనూ గుండెజబ్బు ప్రమాదాన్ని శరీరబరువు కంటే నడుము–తుంటి నిష్పత్తే మెరుగ్గా సూచించింది. టేపు పట్టి కొలిచే ఈ చిన్న నిష్పత్తి వాగ్ పరిశీలనను జనసమూహాల స్థాయికి తెచ్చింది.

నడుము కొలత చర్మం కింది కొవ్వునూ, పేగుల చుట్టూ ఉండే అంతరాంగ కొవ్వునూ వేరుచేయలేదు. ఈ లోటును సీటీ స్కాన్ తీర్చింది. 1980 దశకంలో జపానులోని ఒసాకాలో మత్సుజావా బృందం స్కాన్ చిత్రాలలో రెండింటినీ విడివిడిగా కొలిచి, అంతరాంగ కొవ్వే జీవక్రియా లోపాలతో ఎక్కువగా కలిసి ఉంటున్నదని చూపింది.

4. రెండు రకాల గ్రాహకాలు (1948–1989):
వాగ్ ప్రశ్న 'ఎక్కడి కొవ్వు హానికరం?' అన్నది. 'ఎక్కడి కొవ్వు కదలదు?' అన్న ప్రశ్నకు సమాధానం వేరే దారిలో వచ్చింది. 1948లో అమెరికాలోని జార్జియాకు చెందిన ఔషధశాస్త్రజ్ఞుడు రేమండ్ ఆల్క్విస్ట్, ఎడ్రినలిన్ వంటి పదార్థాలకు శరీరంలో రెండు రకాల గ్రాహకాలున్నాయని ప్రతిపాదించి వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. ఒకే హార్మోన్ ఒకచోట ఒక ఫలితాన్నీ మరోచోట దానికి విరుద్ధమైన ఫలితాన్నీ ఎలా ఇస్తుందో దీనితో వివరించవచ్చు. ఆయన దృష్టి రక్తనాళాలు, గుండె, నునుపు కండరాల మీదనే ఉంది. కొవ్వు ఆ పరిశోధనలో భాగం కాదు.

1964లో మార్టిన్ రాడ్‌బెల్ కొలాజినేజ్ అనే ఎంజైముతో కొవ్వు కణజాలాన్ని విడదీసి, ఒంటరి కొవ్వు కణాలను సజీవంగా పరీక్షనాళికలోకి తెచ్చాడు. హార్మోన్ కలిపి, ఎంత గ్లిసరాల్ విడుదలైందో కొలవడం దీనితో సులువైంది. శరీరంలోని వేర్వేరు చోట్లనుండి కొద్దిపాటి కొవ్వును సూదితో తీసి పోల్చడానికి కావలసిన పద్ధతి ఇలా సిద్ధమైంది.

ఎలుక కణాలతో పనిచేసినంతకాలం ఎడ్రినలిన్ ప్రధానంగా కొవ్వును విడుదలచేసే హార్మోన్‌గానే కనిపించింది. మనిషి కణాలలో కథ వేరుగా ఉంది. బీటా గ్రాహకాలు కొవ్వు విచ్ఛిత్తిని ప్రేరేపిస్తాయి. ఆల్ఫా-2 గ్రాహకాలు దానిని అడ్డుకుంటాయి. ఎలుక కణాలలో ఈ అడ్డు బలహీనం. మనిషిలో, ముఖ్యంగా చర్మం కింది కొవ్వులో, అది బలంగా ఉంటుంది. ఫ్రాన్సులోని టులూజ్‌లో మాక్స్ లాఫోంటాన్, మిషెల్ బెర్లాన్ ఈ అంశాన్ని విస్తృతంగా పరిశోధించారు. 1979లోనూ, తిరిగి 1989లోనూ స్టాక్‌హోమ్‌లో పీటర్ ఆర్నర్ తదితరుల బృందాలు మనిషిలో స్థానాన్నిబట్టి కొవ్వు విచ్ఛిత్తి మారుతున్నదని చూపాయి. పొట్ట భాగపు చర్మం కింది కణాలు నార్‌ఎడ్రినలిన్‌కు చురుగ్గా స్పందించాయి. పిరుదుల కణాలు అంతగా స్పందించలేదు.

మొండి కొవ్వు అన్న అనుభవానికి కణస్థాయి వివరణ ఇక్కడ లభించింది. వ్యాయామంలోనో ఉపవాసంలోనో ఎడ్రినలిన్, నార్‌ఎడ్రినలిన్ శరీరమంతటా ఒకే కబురు తీసుకువెళతాయి. బీటా గ్రాహకాల పైచేయి ఉన్నచోట ఆ కబురు 'విడుదల చేయి' అని వినిపిస్తుంది. ఆల్ఫా-2 గ్రాహకాల పైచేయి ఉన్నచోట అదే కబురు 'ఆపు' అని వినిపిస్తుంది. దీనికి తోడు, కొవ్వును లోనికి చేర్చుకునే లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము రుతుస్రావం ఆగని వయసు స్త్రీలలో తొడ భాగాన చురుగ్గా ఉంటుంది. స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్ చర్మం కింది కొవ్వులో ఆల్ఫా-2 గ్రాహకాలను పెంచుతుందని 2004లో డెన్మార్క్ పరిశోధకులు చూపారు. కాబట్టి ఈ మొండితనం మనిషి పట్టుదలకు సంబంధించినది కాదు, కణత్వచం మీది గ్రాహకాల పాళ్ళకు సంబంధించినది.

5. 'అక్కడే వ్యాయామం చేస్తే' అన్న నమ్మకం (1971–1984):
కొవ్వు ఉన్నచోట కండరాన్ని కదిలిస్తే అక్కడి కొవ్వే ఖర్చవుతుందన్న నమ్మకం బలమైనది. పొట్ట తగ్గడానికి పొట్ట వ్యాయామం అన్నది దీని సాధారణరూపం. కండరం తన పక్కనున్న కొవ్వును నేరుగా పీల్చుకుంటుందన్న ఊహ దీనికి ఆధారం. కొవ్వు ఆమ్లాలు రక్తంలో కలిసి శరీరమంతటా తిరుగుతాయన్న 1956 నాటి పరిశోధనలు ఈ ఊహను అప్పటికే బలహీనపరచాయి.

1971లో గ్విన్నప్ బృందం టెన్నిస్ క్రీడాకారుల రెండు చేతులను కొలిచింది. ఏళ్ళతరబడి బ్యాట్ పట్టిన చేయి కండ పెరిగి లావుగా ఉంది. చర్మం కింది కొవ్వు మందం మాత్రం రెండు చేతులలోనూ ఇంచుమించు సమానంగానే ఉంది. ఒకే శరీరం, ఒకే ఆహారం, ఒకే హార్మోన్లు ఉండి, పనిలో మాత్రమే తేడా ఉన్న రెండు అవయవాలను పోల్చడం ఈ పరీక్షలోని బలం. 1984లో కాచ్ బృందం 13 మంది పురుషులచేత 27 రోజులలో 5,004 సార్లు పొట్ట వ్యాయామం చేయించి పొట్ట, వీపు, పిరుదుల నుండి కొవ్వు నమూనాలు తీసింది. కణాల పరిమాణం మూడు చోట్లా ఒకే తీరున తగ్గింది. పొట్టకు ప్రత్యేకమైన లాభమేదీ కనిపించలేదు.

6. తారుమారైన అంచనా (1985–2004):
ఇంతవరకూ విడివిడిగా నడిచిన రెండు ప్రశ్నలు గోథెన్‌బర్గ్‌లోనే కలిశాయి. 1985లో రెబుఫే-స్క్రీవ్, బ్యోర్న్‌టోర్ప్ తదితరులు స్త్రీలలో తొడ, పొట్ట కొవ్వు కణాలను రుతుచక్రంలోనూ, గర్భకాలంలోనూ, బిడ్డకు పాలిచ్చే కాలంలోనూ పరీక్షించారు. మామూలు సమయంలో తొడ కొవ్వు విడుదలకు లొంగలేదు. పాలిచ్చే కాలంలో మాత్రం తొడ కణాలలో చేర్చుకునే ఎంజైము తగ్గి, విడుదల పెరిగింది. మొండిదని పేరుపడిన కొవ్వు బిడ్డ పోషణకోసం దాచిన నిలువ కావచ్చునన్న అవగాహన దీనితో బలపడింది. ఎవరు ఎంత ప్రయత్నించినా తెరుచుకోని తలుపు, అవసరమైన వేళ లోపలినుండి తెరుచుకుంది.

మరోవైపు హానికరమైనదిగా తేలిన అంతరాంగ కొవ్వు విడుదల విషయంలో మొండిది కాదు. అది ఎడ్రినలిన్‌కు త్వరగా స్పందిస్తుంది. విడుదలను ఆపే ఇన్సులిన్ ప్రభావానికి అంతగా లొంగదు. దాని రక్తం నేరుగా కాలేయానికి చేరుతుంది. ఈ కారణంగా అంతరాంగ కొవ్వు కాలేయాన్ని కొవ్వు ఆమ్లాలతో ముంచెత్తుతుందని 1990లో బ్యోర్న్‌టోర్ప్ ప్రతిపాదించాడు. కాలేయానికి చేరే కొవ్వు ఆమ్లాలలో అంతరాంగ కొవ్వు వాటా స్వల్పమేనని తరవాతి కొలతలు సూచించడంతో ఈ ప్రతిపాదన సవరణకు గురైంది. అయినా స్థానానికీ ప్రమాదానికీ ఉన్న సంబంధం చెక్కుచెదరలేదు.

2004లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో శామ్యూల్ క్లైన్ బృందం చేసిన పరిశీలన ఈ తారుమారును మరింత స్పష్టం చేసింది. స్థూలకాయులైన 15 మంది స్త్రీలకు లైపోసక్షన్ ద్వారా పొట్ట భాగపు చర్మం కింది కొవ్వును పెద్దమొత్తంలో తొలగించి, 10 నుండి 12 వారాల తరవాత పరీక్షించారు. బరువు తగ్గింది. ఇన్సులిన్ పనితీరులోనూ, గుండెజబ్బు ప్రమాదసూచికలలోనూ మెరుగు కనిపించలేదు. అద్దంలో కనిపించే కొవ్వును తీసివేయడం, రోగకారణాన్ని తీసివేయడం ఒకటి కాదని దీని తాత్పర్యం.

స్త్రీల శరీరాలను ఎక్కువగా నిందకు గురిచేసిన తొడ, పిరుదుల కొవ్వు వైద్యదృష్టిలో తక్కువ హానికరమైనది. ఆ భాగాన కొవ్వు భద్రంగా ఇమిడి ఉండటంవల్ల కాలేయం, కండరాలలోకి చేరవలసిన భారం తగ్గుతుందన్న అభిప్రాయం నేడు బలంగా ఉంది. పోగొట్టుకోవడం కష్టమైన ఆ కొవ్వు కోసం పడే ఆరాటానికి సౌందర్యభావన కారణం అయినంతగా ఆరోగ్యం కారణం కాదు.

7. భారతీయ శరీరాలు – ఒక ప్రత్యేక సందర్భం:
ఈ చరిత్ర భారతదేశానికి నేరుగా వర్తించే సందర్భం ఒకటుంది. 1991లో లండన్‌లో మెకీగ్, షా, మార్మట్ ప్రచురించిన అధ్యయనం దక్షిణాసియా సంతతివారిలో పొట్ట భాగపు స్థూలకాయం, ఇన్సులిన్‌కు లొంగకపోవడం, మధుమేహం కలిసి ఉండటాన్ని నమోదుచేసింది. పుణేలో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 2003లో ఇంగ్లండు శిశువులతో పోల్చినప్పుడు భారతీయ శిశువులు బరువులో తక్కువైనా కొవ్వును ఎక్కువగా నిలుపుకొని పుడుతున్నారని చూపింది. 2007లో స్నైడర్‌మన్ తదితరులు దక్షిణాసియావారిలో చర్మం కింది పై పొర కొవ్వుకు ఇముడ్చుకునే శక్తి తక్కువనీ, అది నిండగానే మిగిలినది లోపలి నిలువలకు పొంగిపొర్లుతుందనీ ఒక పరికల్పన చేశారు. ఈ పరికల్పన ప్రకారం ఇక్కడి సమస్య తొడలలో కొవ్వు ఎక్కువై రావడం కాదు, అక్కడ చోటు చాలక రావడం.

హైదరాబాదు పరిసర గ్రామాలలో జరిగిన పరిశోధన ఇదే దిశలో మరో అంశాన్ని చేర్చింది. 1987–90 మధ్య కొన్ని గ్రామాలలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం అందింది. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక 29 గ్రామాల వారిని పోల్చిన ఫలితాలు 2008లో వెలువడ్డాయి. పోషకాహారం అందిన గ్రామాల పిల్లలు కొంచెం పొడవు పెరిగారు. వారి శరీరంలో కొవ్వు పాళ్ళు మిగతావారితో సమానంగానే ఉన్నాయి. ఇన్సులిన్ పనితీరు మాత్రం వారిలో మెరుగ్గా ఉంది. కొవ్వు పాళ్ళు సమానమైనప్పుడు కూడా ఆరోగ్యస్థితి వేరుగా ఉండవచ్చునన్న వాగ్ పరిశీలనకు సమీపమైన ఫలితం తెలంగాణ గ్రామాలనుండి రావడం విశేషం.

8. కణాల జ్ఞాపకం (2008):
తగ్గిన కొవ్వు తిరిగి ఎందుకు చేరుతుందన్న ప్రశ్నకు ఊహించని మూలంనుండి ఆధారం దొరికింది. గాలిలో జరిపిన అణ్వస్త్ర పరీక్షలవల్ల 1950, 60 దశకాలలో వాతావరణంలో కార్బన్-14 పెరిగి, 1963 ఒప్పందం తరవాత క్రమంగా తగ్గుతూ వచ్చింది. కణం పుట్టినప్పటి వాతావరణ స్థాయి దాని డీఎన్ఏలో నిలిచి ఉంటుంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థకు చెందిన కర్స్టీ స్పాల్డింగ్ బృందం ఈ గుర్తుతో కొవ్వు కణాల వయసును లెక్కించి 2008లో ప్రకటించింది. పెద్దవారిలో ఏటా సుమారు 10 శాతం కొవ్వు కణాలు చనిపోయి కొత్తవి పుడుతున్నాయి. మొత్తం సంఖ్య మాత్రం బాల్య కౌమారాలలోనే స్థిరపడుతున్నది. బరువు తగ్గించే శస్త్రచికిత్స జరిగిన రెండేళ్ళ తరవాత కూడా కణాలు చిన్నవయ్యాయే గాని, వాటి సంఖ్య తగ్గలేదు. ఖాళీ అయిన కణం మాయం కాదు, నిండడానికి సిద్ధంగా ఉంటుంది.

9. ముగింపు:
1935 నుండి 2008 వరకూ సాగిన ఈ పరిశోధనలో ప్రతి కొత్త సాధనమూ ప్రశ్ననే మార్చింది. భార హైడ్రోజన్ కొవ్వు కదులుతుందని చూపింది. టేపు దాని స్థానం ముఖ్యమని చెప్పింది. విడదీసిన కణాలు స్థానాన్నిబట్టి స్పందన మారుతుందని తేల్చాయి. స్కాన్ కనిపించే కొవ్వును, కనిపించని కొవ్వును వేరుచేసింది. కార్బన్-14 కొవ్వు కణాలు చనిపోతూ కొత్తవి పుడుతూ ఉంటాయని చూపింది.

ఈ పరిణామం నుండి రెండు విషయాలు తేలుతున్నాయి. కొవ్వు తగ్గకపోవడంలో గ్రాహకాలు, హార్మోన్లు, కణాల సంఖ్య వంటి మనిషి ఎంపికకు లోబడని కారణాలున్నాయి గనుక దానిని నడవడి లోపంగా నిందించడానికి శాస్త్రాధారం లేదు. రెండోది, తగ్గని కొవ్వు, హానిచేసే కొవ్వు ఒకటి కావు. స్త్రీలు ఎక్కువగా సిగ్గుపడేలా చేసిన కొవ్వు చాలావరకు వారిని కాపాడేదేనని 1980 దశకం నుండి ఆధారాలు చెబుతూ వచ్చాయి. అయినా 'కొవ్వెక్కింది' అన్న నింద వాడుకలో మారలేదు. మేదస్సును గురించిన శాస్త్రజ్ఞానం తెలుగులో ఎంత విస్తరిస్తే ఆ నిందకు అంతగా పట్టు సడలుతుంది. ఈ దిశలో వైద్యచరిత్ర, భాషాచరిత్ర పరిశోధకులు కలిసి చేయవలసిన పని ఇంకా ఎంతో ఉంది.